సిగరెట్ మానేయడం: ఎక్కువగా అడిగే ప్రశ్నలు, సూటిగా జవాబులు

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు. పద్నాలుగేళ్లు కాల్చి, మూడుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టి, నాలుగోసారికి నిలదొక్కుకున్న మనిషిని. ఆ మూడుసార్లూ నాకు పట్టుదల లేక ఓడిపోయాననే అనుకునేదాకా వచ్చాను కానీ, అసలు కారణం ఏం జరగబోతోందో తెలియకుండా దిగడం. మానాలనుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే చివరి మాట.

చెడ్డదని తెలుసు, ప్యాకెట్ మీద బొమ్మలూ రోజూ చూస్తున్నాను. అయినా ఎందుకు మానలేకపోతున్నాను?

ఎందుకంటే మీరు తలపడుతున్నది ఒకదానితో కాదు, రెండిటితో. మొదటిది నికోటిన్. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది, అక్కడ డోపమైన్ అనే రసాయనం విడుదలై హాయిగా అనిపిస్తుంది. అంత వేగంగా హాయినిచ్చేదాన్ని మెదడు ఓ పట్టాన మర్చిపోదు. పైగా రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది కాబట్టి ఇంకోటి కావాలని గోల మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాల సంఖ్య కూడా పెరుగుతుంది, అంటే తినే నోళ్లు ఎక్కువవుతాయన్నమాట.

రెండోది అలవాటు. ఒకసారి లెక్కేయండి: రోజుకు ఇరవై సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అనుకుంటే రోజుకు రెండొందల సార్లు, ఏడాదికి 73,000 సార్లు చెయ్యి నోటి దగ్గరకు వెళ్తుంది. నికోటిన్‌కు మందులున్నాయి. చేతికి మందు లేదు, దానికి వేరే పని చూపించాలి. ఈ రెండిటినీ ఒకటే అనుకుని ఉత్త పట్టుదలతో కొట్టేద్దామనుకున్నప్పుడే చాలామంది దెబ్బతింటారు. ఏ సాయమూ తీసుకోకుండా మానేసినవాళ్లలో ఆరు నెలలు, ఏడాది దాకా నిలబడేది నూటికి ముగ్గురి నుంచి ఐదుగురే. అది మీ ఒక్కరి బలహీనత కాదు.

కానీ సిగరెట్ తాగితే టెన్షన్ నిజంగానే తగ్గుతుంది కదా?

తగ్గుతుంది, అబద్ధం కాదు. ఏ టెన్షన్ తగ్గుతోందో చూడాలి. చివరి సిగరెట్ తాగి గంటా రెండు గంటలైతే నికోటిన్ తగ్గి లోపల చిరాకు మొదలవుతుంది, ఇంకోటి వెలిగించగానే అది పోతుంది. అప్పిచ్చినవాడి దగ్గరే వడ్డీ కట్టడానికి మళ్లీ అప్పు తీసుకుని, "ఎంత మంచివాడో, అవసరానికి ఆదుకున్నాడు" అనుకోవడం లాంటిది ఇది. బాస్ తిట్టిన తిట్లు, ఇంటి గొడవలు సిగరెట్ తర్వాత కూడా అక్కడే ఉంటాయి. మానేసి కొన్ని వారాలు దాటినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గుతాయని చాలా అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో చెప్పింది. మొదటి రెండు మూడు వారాలు మాత్రం రివర్స్‌లో ఉంటుంది, అది కింద చెప్తాను.

ఇంకో చిన్న విషయం. సిగరెట్ పేరుతో మనం చేసే పని ఏంటి? బయటికి వెళ్తాం, ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడం, లోతుగా గాలి పీలుస్తాం. ఆ హాయిలో సగం దీనిదే. సిగరెట్ లేకుండా కూడా ఆ ఐదు నిమిషాలు తీసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

ఒక్కసారిగా మానేయాలా, రోజుకొకటి తగ్గించుకుంటూ పోవాలా?

నా ఓటు ఒక్కసారికే. 2016లో సుమారు 700 మంది మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఒక తేదీన పూర్తిగా ఆపేసినవాళ్లలో నాలుగు వారాల తర్వాత 49 శాతం మంది నిలబడ్డారు, రెండు వారాల పాటు తగ్గించుకుంటూ వచ్చి ఆపినవాళ్లలో 39 శాతం. ఆరు నెలలకు చూస్తే 22 శాతం, 15.5 శాతం. రెండు గుంపులకూ పొగ లేకుండా నికోటిన్ ఇచ్చే మందులు (చర్మం మీద అంటించే ప్యాచ్, నమిలే గమ్ లాంటివి) ఇచ్చారు, అది మర్చిపోకండి.

తగ్గించుకుంటూ పోవడంలో చిక్కేంటంటే, ఇరవై నుంచి ఎనిమిదికి రావడం సులువే, ఎనిమిది నుంచి మూడుకి రావడం నరకం. ఎందుకంటే మిగిలిన ఆ మూడూ బంగారమైపోతాయి, రోజంతా వాటి కోసం ఎదురుచూడటమే సరిపోతుంది. నా రెండో ప్రయత్నం అక్కడే చతికిలపడింది. అయినా ఒక్కసారిగా ఆపడం తలచుకుంటేనే గుండె జారిపోతుంటే తగ్గించే మొదలుపెట్టండి, కాకపోతే చివరి తేదీ ఒకటి రాసి పెట్టుకోండి. తేదీ లేని తగ్గింపు ఎప్పటికీ తగ్గింపుగానే ఉండిపోతుంది.

మానే రోజుకి ముందు ఏం చేయాలి?

తేదీని రెండు వారాల లోపు పెట్టుకోండి. అంతకంటే దూరం పెడితే ఉత్సాహం చల్లారిపోతుంది. ఈలోపు ఒక వారం పాటు, తాగే ప్రతి సిగరెట్‌కూ ముందు ఫోన్‌లో రెండు ముక్కలు రాయండి: టైమ్ ఎంత, ఎందుకు వెలిగిస్తున్నారు. చాదస్తంలా అనిపిస్తుంది కానీ, దీనంత పనికొచ్చింది నాకు ఇంకోటి లేదు. వారం తర్వాత చూసుకుంటే నిజంగా కావాలనిపించి తాగినవి రోజుకు ఐదారే తేలాయి, మిగతావన్నీ ఫోన్ మోగిందని, లిఫ్ట్ రాలేదని, పక్కవాడు వెలిగించాడని. ఏయే చోట్ల జాగ్రత్తపడాలో ఆ జాబితాయే చెప్తుంది.

ముందురోజు రాత్రి లైటర్లు, యాష్‌ట్రేలు, కోటు జేబులో, బండిలో, బ్యాగు అడుగున దాచినవి అన్నీ పారేయండి. "ఎమర్జెన్సీకి ఒకటి ఉంచుకుందాం" అనే ఆలోచన వస్తుంది చూడండి, ఆ ఎమర్జెన్సీ మర్నాడు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. మందులు వాడదలిస్తే డాక్టర్‌ను తేదీకి ముందే కలవాలి, కొన్నిటిని వారం ముందు నుంచే మొదలుపెట్టాలి.

మానేశాక ఒంట్లో ఏమవుతుంది? ఎన్నాళ్లు భరించాలి?

చివరి సిగరెట్ తర్వాత కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపు మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు పీక్. తర్వాత మెల్లగా దిగుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. ఉండేవి ఇవి: చిరాకు, ఊరికే కోపం, దిగులు, కాలు ఒకచోట నిలవకపోవడం, ఏ పని మీదా ధ్యాస కుదరకపోవడం, ఆకలి, నిద్ర పట్టకపోవడం. కొందరికి తలనొప్పి, నోటిపూత, మలబద్ధకం కూడా వస్తాయి. ఇవి బాధపెడతాయే కానీ ప్రమాదకరమైనవి కావు. దిగులు మాత్రం వారాలు గడిచినా తగ్గకపోతే, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే, సిగరెట్ సంగతి పక్కనబెట్టి వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

మూడో రోజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రోజుకి శరీరంలో నికోటిన్ దాదాపు ఖాళీ అయిపోయి ఉంటుంది, అందుకే అంత గోల. నేను ఆ రోజు ఒక పెన్ను మూత దొరకలేదని ఏడ్చినంత పని చేశాను. "మూడు రోజులకే ఇలా ఉంటే జీవితమంతా ఎలా" అనిపిస్తుంది, అదే ఆ రోజు వేసే ఎత్తు. జీవితమంతా అలా ఉండదు, అది కొండ మీది చివరి మలుపు. పెరిగిన ఆ గ్రాహకాలు కూడా ఒకటి నుంచి మూడు నెలల్లో మామూలు స్థాయికి వచ్చేస్తాయి.

ఉన్నట్టుండి ప్రాణం లాగేసినట్టు కావాలనిపిస్తుంది. ఆ క్షణంలో ఏం చేయాలి?

గడియారం చూడండి. నిజంగానే. ఒక్కో లాగుడు సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలుంటుంది, పది దాటడం అరుదు. మీరు సిగరెట్ తాగినా అది పోతుంది, తాగకపోయినా పోతుంది. నాకిది తెలియనప్పుడు, తాగేదాకా అది పెరుగుతూనే ఉంటుందనుకునేవాణ్ణి, ఆ భయానికే వెలిగించేసేవాణ్ణి. అలలా లేచి విరిగిపోతుందని ఒకటికి నాలుగుసార్లు కళ్లారా చూశాక సగం భయం పోయింది.

ఆ ఐదు నిమిషాలు గడపడానికి ముందు ఉన్న చోటు మార్చండి. కూర్చుంటే లేవండి, గదిలో ఉంటే బయటికి, బయట ఉంటే లోపలికి. చల్లటి నీళ్లు గుక్కగుక్కగా తాగండి, పళ్లు తోముకోండి (నోరు శుభ్రంగా ఉన్నప్పుడు పొగ మీద మనసు పోదు, ఎందుకో గానీ ఇది బాగా పనిచేస్తుంది), నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కి దిగండి, ఎవరికైనా ఫోన్ చేయండి. కాసేపు వేగంగా నడిచినా ఆ కోరిక తగ్గుతుందని పరీక్షించి చూశారు. చేతిలో ఏదైనా ఉంచుకోండి, పెన్ను, రబ్బరు బంతి, ఏదైనా సరే. లోతుగా ముక్కుతో పీల్చి మెల్లగా నోటితో వదలండి, దమ్ము లాగినట్టే, పొగ లేకుండా.

ఒక్కటి మాత్రం చేయకండి: కూర్చుని దానితో వాదించకండి. "ఒక్కటే కదా, రేపటి నుంచి" అనే వాదనలో మన మెదడు మనకంటే పెద్ద లాయరు. వాదించేలోగా పది మెట్లు ఎక్కేయడం నయం.

నికోటిన్ గమ్ వాడాను, అస్సలు పనిచేయలేదు, గొంతు మంట మిగిలింది.

మామూలు చూయింగ్ గమ్ నమిలినట్టు నమిలి ఉంటారు. అందరూ చేసే తప్పే. దానిలో నికోటిన్ లోపలికి వెళ్లాల్సింది బుగ్గ లోపలి చర్మం గుండా, కడుపు గుండా కాదు. గబగబా నమిలితే నికోటిన్ అంతా ఉమ్మితో కలిసి మింగేస్తాం, మంట, ఎక్కిళ్లు, వికారం తప్ప ఏమీ రాదు. మెల్లగా నమలండి, కారంగా లేదా చురుక్కుమని తెలియగానే ఆపి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య పెట్టి వదిలేయండి. చురుకు తగ్గాక మళ్లీ రెండు మూడుసార్లు నమిలి, ఈసారి ఇంకో వైపు పెట్టండి. ఇలా అరగంట. గమ్‌కు పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ ఏమీ తినొద్దు, తాగొద్దు. కాఫీ, పండ్ల రసాలు, కూల్‌డ్రింకుల వంటి పులుపు ఉన్నవి నికోటిన్‌ను లోపలికి పోనివ్వవు.

డోసు కూడా చూసుకోవాలి. నిద్ర లేచిన అరగంట లోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మి.గ్రా., తర్వాత వెలిగించేవాళ్లకు 2 మి.గ్రా. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వాడాలి, రోజుకు 24 దాటకూడదు. "మరీ ఆగలేనప్పుడు ఒకటి" అని పొదుపుగా వాడితే పనిచేయదు.

ఈ గమ్ పుట్టుక కథ నాకు భలే ఇష్టం. 1960ల చివర్లో స్వీడన్ జలాంతర్గాముల్లోని నావికులు లోపల పొగ తాగే వీల్లేక, నోట్లో పెట్టుకునే పొగాకుతో సరిపెట్టుకునేవారట. అది విన్న ఊవే ఫెర్నో అనే స్వీడన్ శాస్త్రవేత్తకు, పొగ లేకుండా నికోటిన్ ఒక్కటే ఇస్తే ఎలా ఉంటుందనే ఆలోచన వచ్చింది.

ప్యాచ్ మంచిదా, గమ్ మంచిదా?

రెండూ కలిపితే ఇంకా మంచిది, ఒక్కోదాన్నే వాడేకంటే జంటగా వాడినవాళ్లే ఎక్కువగా నిలబడుతున్నారు. ప్యాచ్ రోజంతా సన్నగా నికోటిన్ ఇస్తూ అడుగున ఉండే చిరాకును అణుస్తుంది, మధ్యలో లేచే అలలకు గమ్. రోజుకు పది కంటే ఎక్కువ తాగేవాళ్లకు సాధారణంగా 21 మి.గ్రా. ప్యాచ్ ఆరు వారాలు, తర్వాత 14 మి.గ్రా. రెండు వారాలు, 7 మి.గ్రా. రెండు వారాలు. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజుకో చోట అంటించాలి. రాత్రి పిచ్చి కలలు వస్తుంటే పడుకునేముందు తీసేయొచ్చు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

అంటే సిగరెట్ వదిలి నికోటిన్‌కు అతుక్కుపోవడమేగా?

కాదు. పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. మనల్ని బానిసల్ని చేసేది నికోటిన్, చంపేది ఎక్కువగా ఆ మిగతావి. గమ్ నుంచీ ప్యాచ్ నుంచీ నికోటిన్ నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి సిగరెట్‌లా కట్టిపడేయదు.

మాత్రలు కూడా ఉన్నాయంటారు, వాటి సంగతేంటి?

ఉన్నాయి, అన్నీ డాక్టర్ రాసి ఇవ్వాల్సినవే అనుకోండి. వరెనిక్లిన్ అనేది మెదడులో నికోటిన్ కూర్చునే కుర్చీలో తాను కూర్చుంటుంది. కొంచెం హాయినిస్తూ చిరాకు తగ్గిస్తుంది, పొరపాటున సిగరెట్ తాగినా దానికి కుర్చీ ఖాళీ ఉండదు కాబట్టి మజా రాదు. మానే తేదీకి వారం ముందు చిన్న డోసుతో మొదలుపెట్టి మొత్తం పన్నెండు వారాలు వాడతారు. వికారం, విచిత్రమైన కలలు మామూలే, కడుపు నిండా తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఇది మానసిక సమస్యలు తెస్తుందని ఒకప్పుడు భయపడ్డారు. 2016లో వెలువడిన, 8,000 మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బుప్రోపియాన్ అసలు డిప్రెషన్ మందు, దీనికీ పనికొస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లు వాడకూడదు. మూడోది సిటిసిన్, ఒక మొక్క గింజల నుంచి తీసేది, 1960ల నుంచే బల్గేరియాలో వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మూడిటినీ, నికోటిన్ గమ్, ప్యాచ్‌లనూ సిఫారసు చేసింది. వీటితోపాటు కౌన్సెలింగ్ కూడా ఉంటే ఫలితం ఇంకా బాగుంటుంది.

ఈ-సిగరెట్‌కి మారితే?

వాటితో కొంతమంది మానగలుగుతున్నారన్నది నిజమే. కానీ చాలామంది సిగరెట్ మానకుండా రెండూ తాగుతూ ఉండిపోతారు, కొన్ని దేశాల్లో నిషేధం ఉంది, ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో తేలడానికి ఇంకా టైమ్ పడుతుంది. గమ్, ప్యాచ్, మాత్రలు ఉండగా నేను దాని జోలికి పోను.

మానేస్తే లావైపోతామట?

సగటున ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. కొందరు అసలు పెరగరు, కొందరు పది దాటుతారు. నికోటిన్ ఆకలిని అణిచి, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కాస్త పెంచుతుంది, అది పోగానే రెండూ మామూలవుతాయి. దీనికితోడు నాలుకకు రుచి తిరిగొస్తుంది. సిగరెట్ మానడం, డైటింగ్ రెండూ ఒకేరోజు మొదలుపెట్టకండి, రెండూ పోతాయి. ముందు ఇది కానివ్వండి. ఆ నాలుగు కిలోలు పెరిగినా మానడం వల్ల గుండెకు కలిగే మేలు తగ్గదు.

మానేశాక దగ్గు ఎక్కువైంది, రాత్రి నిద్ర లేదు. ఇదేం న్యాయం?

ఊపిరి గొట్టాల్లో చెత్తను పైకి ఊడ్చే సన్నటి నూగు ఉంటుంది, పొగ దాన్ని చచ్చుబడేలా చేస్తుంది. మానేశాక అది మళ్లీ లేచి పాత కఫాన్ని బయటికి నెడుతుంది, అందుకే కొన్నివారాలు దగ్గు. రక్తం పడినా, నెల దాటినా తగ్గకపోయినా చూపించుకోండి.

నిద్రకు మాత్రం కాఫీని అనుమానించండి. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా కరిగించేస్తుంటుంది. మానేయగానే ఆ వేగం పడిపోతుంది. రోజూ తాగే అదే నాలుగు కప్పులు ఇప్పుడు ఎనిమిది కప్పుల్లా పనిచేసి, గుండె దడ, చిరాకు, నిద్రలేమి తెస్తాయి, మనమేమో అంతా సిగరెట్ మానడం వల్లే అనుకుంటాం. కాఫీ సగానికి తగ్గించండి. ఇదే కారణంతో థియోఫిలిన్ (ఉబ్బసం మందు), క్లోజపిన్, ఓలాంజపిన్ (మానసిక జబ్బుల మందులు) వంటివి వాడేవాళ్లకు డోసు మార్చాల్సి రావచ్చు. షుగర్ మందులు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా మానే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

నేను రోజుకు ఒకటో రెండో అంతే. అదీ మానాలా?

రోజుకు ఒక్కటి అంటే ఇరవైలో ఒక వంతు ప్రమాదం అనుకుంటాం. గుండె విషయంలో ఆ లెక్క తప్పు. ఇరవై తాగేవాడికి అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, ఒక్కటి తాగేవాడికీ ఉంటుందని 2018లో తేల్చారు. "లైట్" సిగరెట్లూ ఇలాంటి మాయే, ఇంకొంచెం గట్టిగా, లోతుగా పీల్చి మన కోటా మనం తీసేసుకుంటాం.

ముప్పై ఏళ్లు కాల్చాక ఇప్పుడు మానితే ఏం లాభం?

బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ అనే వైద్యుడు 1951లో డాక్టర్ల మీదే ఒక పరిశీలన మొదలుపెట్టాడు, అది యాభై ఏళ్లు సాగింది. జీవితాంతం కాల్చినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. ముప్పై ఏళ్లకు మానినవాళ్లు ఆ పదేళ్లూ దాదాపు వెనక్కి తెచ్చుకున్నారు, నలభై ఏళ్లకు మానితే తొమ్మిది, యాభై ఏళ్లకు ఆరు, అరవై ఏళ్లకు మానినా మూడేళ్లు. లోపల మార్పు ఇంకా ముందే మొదలవుతుంది: ఇరవై నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది, ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలవుతుంది, ఏడాదికి అదనపు గుండెజబ్బు ముప్పు సగానికి, పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు సగానికి దిగుతుంది.

మా ఇంట్లో ఆయన మానేస్తున్నారు, ప్రతిదానికీ అరుస్తున్నారు. మేమేం చేయాలి?

రెండు మూడు వారాలు ఆ అరుపులు మీ మీద కాదనుకోండి. "ఇవాళ తాగలేదు కదా?" అని రోజూ తనిఖీ చేయొద్దు, జేబులు వాసన చూడొద్దు. "ఇంతకంటే తాగడమే నయం" అనే మాట సరదాకైనా అనకండి, ఆయన దాని కోసమే కాచుకుని ఉంటారు.

నెల రోజులు ఆగి, పార్టీలో ఒకటి కాల్చేశాను. అంతా పోయినట్టేనా?

ఒక సిగరెట్ కాల్చారు, అంతే. అసలు దెబ్బ కొట్టేది ఆ తర్వాత వచ్చే "ఎలాగూ పోయింది, ప్యాకెట్ కొనేద్దాం" అనే ఆలోచన. ఆ ప్యాకెట్ కొనకండి, ఉంటే పారేయండి, ఆ రాత్రి నుంచే మళ్లీ మానేసినట్టు. ప్యాచ్ వాడుతుంటే వాడుతూనే ఉండండి. ఎక్కడ జారారో మాత్రం రాసుకోండి, పది మందిలో తొమ్మిది మందికి అది మందు గ్లాసు పక్కనే ఉంటుందని నా అనుభవం. మొదటి రెండు నెలలు మద్యానికి దూరంగా ఉంటే సగం గండం గడిచినట్టే.

ఆరు నెలలైంది. నిన్న కలలో సిగరెట్ తాగి, తప్పు చేసినట్టు ఉలిక్కిపడి లేచాను. మళ్లీ మొదలవుతుందా?

లేదు, అది చాలామందికి వస్తుంది. నాకు నాలుగేళ్ల తర్వాత కూడా వచ్చింది, లేచి జేబులు వెతుక్కున్నాను.